పాన్యిన్ వంతు గుడ్డు

"బోర్డు ఒకటి తియ్యి," అంది అరబా.

ఫీఫీ తలెత్తలేదు. కొబ్బరాకుల పందిరి కింద, అలల మీద ఆడే పగిలిన బోర్డుకు జిగురు రాస్తున్నవాడు రాస్తూనే ఉన్నాడు. ఆ గొంతు ఎవరిదో అతనికి చూసి తెలుసుకోవలసిన పని లేదు.

"ఈరోజు మంగళవారం. ఎవర్నీ నీళ్ళలోకి దింపం."

"పోయినేడూ మంగళవారమే. అప్పుడు దింపావుగా?"

బ్రష్షు జారి ఇసకలో పడింది.

బుసువా తీరంలో మంగళవారం పడవ కదలదు. తాతలనాటి కట్టుబాటు. ఆ ఒక్కరోజు సముద్రాన్ని దాని మానాన వదిలేసి, పడవలు పైకి లాగి, మోటార్లు విప్పి ఇళ్ళకు మోసుకుపోయి, వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. అలల మీద ఆట వేట కిందికి రాదు గదా అని ఆ ఆట నేర్పే ఫీఫీలాంటి వాళ్ళు గొణుగుతారు గాని, గీత దాటరు.

ఫీఫీ ఒక్కసారి దాటాడు. తార్క్వా పట్నం నుంచి తల్లితో సెలవులకొచ్చిన కవలల్లో పెద్దవాడు పాన్యిన్. చిన్నది ఈ అరబా. "మేం పుట్టిందే మంగళవారం. మా రోజున మమ్మల్నేం చేస్తుందిలే," అని నవ్వుతూ దిగాడు పాన్యిన్. లోపలికి లాగే నీళ్ళలో పడ్డాడు. ఫీఫీ ఈదుకుంటూ వెళ్ళి కాలి తాడు తెగిన ఖాళీ బోర్డుతో తిరిగొచ్చాడు. మోటార్లు తెచ్చి పడవ దింపేసరికి అంతా అయిపోయింది. మూడోనాడు శవాన్ని పక్క ఊరు బుట్రె ఒడ్డున వదిలింది సముద్రం.

కట్టుబాటు తప్పినందుకు ఫీఫీ ఊరిపెద్దకు ఒక గొర్రెను జరిమానాగా ఇచ్చాడు. అప్పట్నుంచి మోకాలి లోతుకైనా దిగలేదు.

"చిక్కిపోయావు," అంది అరబా.

"నువ్వేమైనా బలిశావా?"

"నోరు మాత్రం చిక్కలేదు."

పోయినేడు మొదటిరోజు బోర్డు మీంచి పదకొండుసార్లు పడి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు "నీ సముద్రమే వంకర" అని పోట్లాడిన పిల్ల ఇదేనా అనిపించింది అతనికి. కళ్ళకింద గుంటలు.

"ఎందుకొచ్చావు?"

"ఏడాది తిరిగింది. అమ్మ కూడా వచ్చింది. ఇవాళ చెప్పేస్తాను."

"ఏం చెప్తావు?"

"వాడికి బోర్డు ఇవ్వమన్నది నేనని."

ఆరోజు ఈ పందిరి కిందే, ఇద్దరి మధ్యా కూర్చుని పాన్యిన్ ఎంతకీ కదల్లేదు. అరబా ఫీఫీ చెవిలో అంది: "వాడికో బోర్డిచ్చి పంపెయ్. గంటసేపైనా మనిద్దరమే ఉందాం." అతను ఇచ్చాడు. తర్వాత ఊరికీ, ఆమె తల్లికీ తప్పంతా తనదేనని చెప్పాడు.

"చెప్పకు, అరబా. ఆంటీ నన్ను తిట్టుకుంటూ బతుకుతోంది. నిన్ను తిట్టుకోవాల్సొస్తే ఇంక ఎవరితో బతుకుతుంది?"

"మరి నేను? నీకు ఫోన్ చెయ్యబోయిన ప్రతిసారీ నా చెవిలో నేనన్న ఆ మాటే."

తల్లి ఎఫువా నల్లబట్టల్లో నెమ్మదిగా వచ్చింది. ఫీఫీ వైపు చూడకుండా చాప మీద కూర్చుని గిన్నె మూత తీసింది. ఎర్రనూనె పోసి మెదిపిన దుంప, పైన రెండు ఉడికిన గుడ్లు. కవలల తిండి అది. ఇద్దరూ ఒకే గిన్నెలో తినాలి, ఒకరు లేకుండా ఇంకొకరు ముట్టకూడదు. వాడు పోయాక అరబా దాని జోలికి పోలేదు.

"వాడి వంతు నీళ్ళలో వేద్దాం. నువ్వు తిను," అంది తల్లి.

"అమ్మా, ఆరోజు బోర్డు ఇప్పించింది నేను. ఫీఫీతో ఒంటరిగా కూర్చోవాలని, నేనే వాణ్ణి పంపించాను."

ఎఫువా చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. దూరంగా వలల దగ్గర ఎవరో దగ్గారు.

"నిజమేనా?" మొదటిసారి ఫీఫీని చూసి అడిగింది.

"ఇచ్చిన చెయ్యి నాదే, ఆంటీ."

"ఏడాదిపాటు ఎందుకు నోరు కుట్టేసుకున్నావు?"

"మీకు కూతురైనా మిగలాలని."

ఎఫువా ఖాళీ సముద్రం వైపు తిరిగింది.

"పొద్దున లేచి ముందు నిన్ను శపించి, ఆ తర్వాతే దేవుణ్ణి తలుచుకునేదాన్ని. రేపు లేచి ఏం చెయ్యాలి నేను?"

ఆమె ఒక గుడ్డు తీసి ఫీఫీ అరచేతిలో పెట్టింది.

"పాన్యిన్ వంతు. తిను."

"నా వల్ల కాదు, ఆంటీ."

"నీమీద ప్రేమ పుట్టి పెట్టట్లేదు. ఇది ఒంటరిగా తినకూడదు. నా కూతురు ఏడాదిగా ఆకలితో ఉంది."

ఫీఫీ కొరికాడు. కళ్ళనీళ్ళతోనే మింగాడు.

"ప్రతి ఏడూ ఈ గిన్నె దగ్గరికి రావాలి నువ్వు," అంది ఎఫువా. "రాని ఏడు మళ్ళీ శపిస్తాను."

"వస్తాను, ఆంటీ."

అరబా అతన్నే చూస్తూ గిన్నెలోకి చెయ్యి చాచి, తన గుడ్డు తీసుకుంది.