బేకరీ వితంతువు రెండో పెళ్లి

లా కాలేజీ లెక్చరరు లైబ్రరీలో అడుగుపెట్టిన రోజు నుంచీ మౌనికి చదువు సాగలేదు.

మౌని అన్నది డిపార్ట్‌మెంటు వాళ్లు పెట్టిన పేరు. అడిగితే తప్ప నోరు విప్పడని. పాత ఇంగ్లండులో వేట చట్టాల మీద, జమీందార్ల అడవుల్లో దొంగచాటుగా కుందేళ్లు పట్టినవాళ్ల మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. ఎదురు కుర్చీ తోటి పరిశోధకురాలిది. ఆమె ఆ కాలపు వితంతువుల ఆస్తి తగాదాలు చదివేది. మూడేళ్లూ టేబుల్ లైటు ఎవరి వైపు తిప్పాలన్న తగువుతోనే హాయిగా గడిచిపోయాయి.

ఇప్పుడు ఆమె పక్కన లెక్చరరు కూర్చుంటున్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చదివిన ప్రతి పేజీకీ ఒక జోకు. కోర్టు భాష విడమరిచి చెప్పడానికి వచ్చినవాడు, కేసులోని తేదీలన్నీ వరసగా పట్టిక వేసి కూడా ఇచ్చాడు. "లాయరుగారు ఎంత ఓపిగ్గా చెప్తారో" అని ఆమె లెక్చరర్ని మెచ్చుకున్నప్పుడల్లా మౌనికి ఒళ్లు మండిపోయేది. కుందేళ్ల దొంగలకు ఉరిశిక్ష వేసిన జడ్జీలు అతనికి ఒక్కసారిగా మంచివాళ్లుగా కనిపించసాగారు.

శుక్రవారం ఆమె సెమినార్. బుధవారం తన వ్యాసం ఒకసారి చూసిపెట్టమని మౌని చేతిలో పెట్టింది.

అది ఒక బేకరీ యజమాని భార్య కథ. చర్చి రిజిస్టరు ప్రకారం భర్త చనిపోయింది 1640 అక్టోబరులో. ఆమె రెండో పెళ్లి 1640 ఫిబ్రవరిలో. అంటే మొగుడు బతికుండగానే ఇంకొకణ్ణి చేసుకుందని, కోర్టును మోసగించి బేకరీ కాజేసిందని వ్యాసం తేల్చేసింది.

మౌనికి తప్పు ఇట్టే కనబడింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి ఇరవై అయిదున మొదలయ్యేది. కాబట్టి ఆ లెక్కలో 1640 ఫిబ్రవరి ఆ ఏడాది చివర్లో, అక్టోబరు తర్వాతే వస్తుంది. పాపం ఆ ఇల్లాలు భర్త పోయిన నాలుగు నెలలకు పెళ్లి చేసుకుంది, అంతే. పట్టిక వేసిన లాయరుగారు ఆ సంగతి మరిచాడు. ఆమె ఆ పట్టికను నమ్మి వ్యాసం రాసింది.

మౌనికి సంతోషం కలిగింది. నలుగురిలో లాయరుగారి పరువు పోతుందనుకున్నాడు. వ్యాసం బాగుందని చెప్పి తిరిగి ఇచ్చేశాడు.

శుక్రవారం పొద్దున్నే వాన. ఆమె తడిసిన చున్నీతో వరండాలో నిలబడి మొదటి పేరా వల్లిస్తోంది. మధ్యలో తడబడి మళ్లీ మొదటికొస్తోంది. ఆ వేదిక మీద నిలబడేది లాయరు కాదు, ఆమేనని మౌనికి అప్పుడు తట్టింది.  దగ్గరకు వెళ్లి ఉన్నదంతా చెప్పేశాడు.

ఆమె నెలలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఇది నేనే చూసుకోవాల్సింది. సరే. నీకెప్పుడు తెలిసింది?"

"బుధవారం."

"మరి బాగుందన్నావేం?"

"అతనంటే నాకు కుళ్లు."

ఆమె కింద కూర్చుని పెన్ను తీసి, ముగింపు మొత్తం కొట్టేసి మళ్లీ రాసింది.

సెమినార్‌లో ఆమె తన పొరపాటు ఎలా జరిగిందో ముందే చెప్పి, ఒక నిర్దోషి గురించి మాట్లాడింది. వెనకనుంచి లెక్చరరు లేచి, పట్టిక తనదేనని, తప్పు తనదని ఒప్పుకుని కూర్చున్నాడు. అతను అంత మంచివాడు కావడం మౌనికి అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

మెట్ల దగ్గర ఆమె మౌనిని ఆపింది. లాయరుగారు పోయిన వారమే పెళ్లి మాట ఎత్తాడని, తను కాదన్నానని చెప్పింది.

"ఎందుకు?" అన్నాడు.

"ఇంకొకరు నోరు విప్పుతారని చూస్తున్నాను. ఆ తప్పు రెండు రోజులే దాచావు. ఇది ఎన్నాళ్లనుంచి దాస్తున్నావు?"

"మూడేళ్లు."

"నాకింకా కోపం తగ్గలేదు," అంటూనే ఫోన్ తీసి నంబరు కలిపి, "నాన్నా, నేను చెప్పానే, ఆ అబ్బాయి. మాట్లాడు," అని అతని చెవికి ఆనించింది.

అవతల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బాబూ, నీ థీసిస్ ఎప్పటికి పూర్తవుతుంది?"

మూడేళ్లుగా ఆ ప్రశ్నకు గైడు ముందు నీళ్లు నమిలినవాడు, ఆమె మొహంలోకి చూస్తూ తేదీతో సహా చెప్పాడు.