రాజన్న మెడలో బంతిపూల దండ

తలుపు తెరిచిన గంగామణి చేతిలోంచి బకెట్ జారిపడింది... నీళ్లు గదంతా పారాయి. ఎదురుగా గోడంత గుడ్డ మీద తన భర్త రాజన్న బొమ్మ! నెత్తిన హెల్మెట్, ఎడమ కనుబొమ మీద పాత గాటు... మెడలో బంతిపూల దండ.

పొద్దున విన్న మాట మళ్లీ చెవుల్లో మోగింది. ఖతార్‌లోని మెసయీద్‌లో అతను పనిచేసే చోట పరంజా కూలిందట, ఎవరో పోయారట. అప్పటినుంచీ అతని ఫోను పలకడం లేదు. ఉమ్ సలాల్‌లోని ఈ పెద్దింట్లో గిన్నెలు తోముతూ, ఏమీ కాలేదని తనకు తానే చెప్పుకుంటూ ఉంది... ఇప్పుడు ఈ దండ! ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న కూతురు కళ్లముందు మెదిలింది. తండ్రిని ఫొటోలో తప్ప ఎరగని పిల్ల...

"అందరికెరుకే... నాకే చెప్పలే" అంటూ గాజుల చేతిని గోడకేసి కొట్టబోయింది.

డ్రైవర్ రఫీయుద్దీన్ పరుగున వచ్చాడు. "ఆగు చెల్లె. ఏమైంది?"

"దండ జూడన్నా. పోయినోళ్లకే కదా ఏసేది."

బొమ్మ వేసిన ఓదాలిస్ రంగు చేతులతో బిత్తరపోయి నిలబడింది. బొమ్మలు గీయడానికి యజమాని క్యూబా నుంచి పిలిపించిన పెద్దావిడ. ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పినదాన్ని రఫీయుద్దీన్ తెలుగులో విప్పి చెప్పాడు.

"ఈమె నాయిన చెరుకు కొట్టే కూలి. పోయినంక చూసుకుందామంటే ఒక్క ఫొటో లేదట. అందుకే బతుకంత కూలోళ్ల మొఖాలే గీస్తది, గిట్ల గోడంత. కూలోళ్ల క్యాంప్‌ల రాజన్న మంచం కాడ, పోయిన రాజన్న నాయిన ఫొటో చూసింది, దండతోని. మన దిక్కు మర్యాద గట్లనే చేస్తరనుకున్నది."

"గవన్నీ నాకెందుకన్నా. మనిషున్నడా, లేడా?"

అది ఓదాలిస్‌కూ తెలియదు. ఆ తడి నేల మీదే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది గంగామణి. పక్కనే ఓదాలిస్ కూలబడింది... మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది.

"నేనే. డ్యూటీ నుంచి బయటికి ఇడ్సలే. ఫోన్లు గేటు కాడ్నే పెట్టుకున్నరు" రాజన్న గొంతు బొంగురుగా ఉంది. "పోయినోడు నేపాలాయన. నిన్ననే నాతోని చాయ్ తాగిండు..."



"బొమ్మ గీయించుకునే సోకొకటి నీకు" అంది ఏడుస్తూనే. "నాకొక మాట చెప్పద్దా?"

"పూర్తయినంక చూపిద్దామనుకున్న."

ఓదాలిస్ దండను గీకేయడానికి కత్తి అందుకుంది. గంగామణి అడ్డం పడింది.

"పూలు పారేయద్దని చెప్పన్నా. ఆయన పక్కన నన్ను గీయమను... ఆ పూలు నా జడల పెట్టుమను."

రఫీయుద్దీన్ అది ఇంగ్లీషులో చెప్పేలోపే గంగామణే వెళ్లి భర్త బొమ్మ పక్కన నిలబడి, జడ తీసి భుజం మీదుగా ముందుకు వేసుకుంది.

ఓదాలిస్ కత్తి పక్కన పెట్టి, పసుపురంగులో కుంచె ముంచింది.