చిక్కటి నీళ్ళు

"ఈసారి తాతగారు బతకరండీ!" అంటూ డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చిన ఆయా కుర్చీలో కూలబడింది. డిటెక్టివ్‌గారి అసిస్టెంటు గబగబా నోటుపుస్తకం తీశాడు.

ఆమె పనిచేసేది వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో. అక్కడ ఆమె చూసుకునే పెద్దాయన మెట్లమీంచి పడి, తలకు దెబ్బ తగిలి మాట పోగొట్టుకున్నాడు. గుటక వేయడం కూడా కష్టమైంది. పల్చటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణానికే ముప్పు కనుక, పొడి కలిపి చిక్కబరిచిన నీళ్ళే పట్టాలని డాక్టరు ఆదేశం.

"పొద్దున చిక్కగానే కలిపి పెట్టానండీ. చెంచా తెద్దామని వెళ్ళొచ్చేసరికి ఆయన ఉక్కిరిబిక్కిరైపోతున్నారు. గ్లాసులో చూస్తే మామూలు నీళ్ళు! డాక్టరు మాట పెడచెవిన పెట్టానని మేట్రన్ నన్ను పొమ్మంటోంది. నా ఉద్యోగం పోతే పోయింది, నేను లేకపోతే ఆ నీళ్ళే మళ్ళీ పట్టేస్తారెవరో!"

నడక నెమ్మదని డిటెక్టివ్‌కు పోలీసులు 'నత్తగారు' అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే అసిస్టెంటు ఒంటికాలిమీద లేచేవాడు. ఆ రోజు మాత్రం నత్తగారు చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే గుమ్మం దాటారు.

పెద్దాయన దిండ్లకు ఆనుకుని కష్టంగా ఊపిరి తీస్తున్నాడు. కూతురు ఆయన చెయ్యి వదలడం లేదు.

"పొద్దున మీరెక్కడున్నారమ్మా?" అని నత్తగారు అడిగారు.

"డాక్టరుగారి గదిలో. నాన్నకు త్వరలోనే మాట వస్తుందని నిన్ననే చెప్పారండీ."

"నేను వరండాలో ఫోన్లో ఉన్నా," అన్నాడు అల్లుడు. "దగ్గు విన్నాకే లోపలికొచ్చా. ఆ గ్లాసు ముట్టుకోనేలేదు."

అతని చొక్కా కుడిచేతి కఫ్ అట్టముక్కలా బిగుసుకుని ఉంది. ఎడమది నలిగి వేలాడుతోంది. ఇస్త్రీ చేసేవాడు మధ్యలో నిద్రపోయాడేమోనని అసిస్టెంటు లోలోపల నవ్వుకున్నాడు.

నత్తగారు కిటికీలోని పూలకుండీలో వేలు పెట్టారు. మట్టిమీద జిగురుముద్ద ఉంది.

"ఇక్కణ్ణించి కదలకు," అని అసిస్టెంటు చెవిలో చెప్పారు. "ఎవరు నీళ్ళు పట్టబోయినా ఆపు."

ఆయన వెళ్ళగానే అల్లుడు కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచాడు. ఆ చప్పుడుకు అసిస్టెంటు గబుక్కున మంచానికి అడ్డం వచ్చాడు.

"నాకే లేవయ్యా," అని అల్లుడు నవ్వి, పెద్దాయన వంక చూస్తూ గడగడా తాగేశాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. అంత భయం అసిస్టెంటు ఎవరి ముఖంలోనూ చూడలేదు.

కాసేపటికి నత్తగారు డాక్టరును, మేట్రన్‌ను, ఆయాను, ఇద్దరు కానిస్టేబుళ్ళను వెంటబెట్టుకొచ్చారు.

"ఆయా డాక్టరు మాట తప్పలేదు. ఆమె చెంచాకు వెళ్ళగానే ఒకరు చిక్కటి నీళ్ళు ఈ కుండీలో పారబోసి, మామూలు నీళ్ళు పట్టారు. నీళ్ళు మట్టిలో ఇంకిపోతాయనుకున్నారు. ఇవి ఇంకలేదు. బట్టమీద చిందితే గంజిలా బిగుసుకుంటాయి కూడా. అల్లుడుగారూ, ఒక్క చేతికే గంజి పెట్టించారేం?"

ఆయన ఆ కఫ్‌మీద నీళ్ళు చల్లి నలిపారు. బట్ట జిగురుగా సాగింది.

"మామగార్ని నేనెందుకు చంపుతాను?" అల్లుడి గొంతు కీచుమంది.

"మాట వస్తే, మెట్లమీద తోసిందెవరో చెబుతారని."

కానిస్టేబుళ్ళు అతన్ని తీసుకెళ్ళారు. కూతురు తండ్రి మీదికి వంగింది. "నిజమా నాన్నా? మాట రాకపోతే తలూపండి."

పెద్దాయన తలూపలేదు. వరండాలో అడుగుల చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగాడు.

"మాట... ఎప్పుడో వచ్చిందే తల్లీ," అన్నాడు. "వాడు... నీ పక్కనే ఉండేవాడు."