అరచెయ్యి చాపే అబ్బాయి

కళ్లజోళ్ల దుకాణంలో కొత్తగా చేరిన అమ్మాయికి మొదటిరోజే ఒళ్లు మండింది. అద్దాలు అరగదీసే అతనికి ఫ్రేము అందిస్తే పుచ్చుకోడు. అరచెయ్యి చాపి ఊరుకుంటాడు. మనమే అందులో పెట్టాలి.

"మహారాజుగారు చేత్తో అందుకోరేం?" అంది.

"మీరు పెడితే బాగుంటుందని," అన్నాడు తలెత్తకుండా.

మాటకేం తక్కువ లేదు. టీ పోసేటప్పుడు చూడాలి ఆ వాలకం, ఫ్లాస్కు మూతిని కప్పు అంచుకి ఆనిస్తే గానీ వంచడు.

"కప్పుకి ముద్దు పెట్టందే పొయ్యరా?"

అతని చెవులు ఎర్రబడేవి. ఆ చెవుల కోసమే ఆమె రెండో టీ అడిగేది.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. దుకాణం మెట్ల మీద నిలబడి ఆమే కదిపింది. "మా అమ్మకి మీ సంగతి చెప్పనా?"

అతను ఆమెకేసి తిరిగాడు. "ముందు ఆవిడకి ఇది చెప్పండి. నా ఎడమకన్ను కనబడదు. ఒక్క కంటితో ఏది ఎంత దూరంలో ఉందో సరిగ్గా తెలియదు. అందుకే చెయ్యి చాపి ఊరుకుంటాను."

తను చేసిన వెటకారాలన్నీ వరసగా గుర్తొచ్చాయి ఆమెకి.

"దెబ్బ తగిలిందా?"

"లేదు, నెలలు నిండకుండా పుట్టాను. కంటి వెనక తెర మీద రక్తనాళాలు అప్పటికింకా పూర్తిగా అల్లుకోలేదట. ఊపిరి నిలపడానికి ఆక్సిజన్ గట్టిగా పెట్టారు. ప్రాణం నిలిచింది గానీ నాళాలు దారితప్పి పెరిగి, ఆ తెరని ఊడలాగేశాయి. రెండో కంటిని డాక్టర్లు కాపాడారు."

ఆమె ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. మర్నాడు తల్లి కళ్లజోడు వదులైందన్న వంకతో దుకాణానికొచ్చి, అతని ఎదురుగా కూర్చుంది. అమ్మాయి బీరువా వెనక నక్కింది.

"బాబూ, ఈ కంటి జబ్బు రేపు పిల్లలకీ వస్తుందా?"

"మా వంశంలో ఎవరికీ లేదండీ. ముందుగా పుట్టడం వల్ల వచ్చింది. నన్ను కంటి డాక్టరుకి చూపించడం ఆలస్యమైంది. మీ మనవడు ఒకవేళ తొందరపడి పుడితే, నెల తిరిగేలోపే నేను ఎత్తుకెళ్లి చూపిస్తాను."

"అప్పుడే మనవడిదాకా వెళ్లిపోయావా? పుట్టుకతోనే తొందర మనిషివన్నమాట."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అతను బిగించిన జోడు పెట్టుకుని, తల్లి ఆ చెవులకేసి తీరిగ్గా చూసింది.

"ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా," అని లేచింది.

తల్లి వెళ్లాక అమ్మాయి బీరువా వెనకనుంచి వచ్చింది. అతను అలవాటుగా అరచెయ్యి చాపాడు. అందులో పెట్టడానికి ఆమె దగ్గర ఫ్రేమేమీ లేదు.

తన చెయ్యే పెట్టింది.