ఆపరేషన్ దొంగ సర్వర్

"సాయికిరణ్ శవం నిన్న సనత్‌నగర్‌లో దొరికింది. మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక," అంది ఛాయాదేవి.

పంజాగుట్టలో చీరల షోరూం పైన, ట్రావెల్ ఏజెన్సీ బోర్డు తగిలించుకున్న గది అది. ఛాయాదేవి అక్కడ టిక్కెట్లు అమ్మదు. గూఢచారులను పంపుతుంది. ఎదురుగా ఏజెంట్ కేదార్ నిలబడి ఉన్నాడు.

"తీరప్రాంత రాడార్ల పోర్టల్ అమ్ముతానని విదేశీ ముఠా దగ్గరికి వెళ్లాడు. మనం పన్నిన ఉచ్చే. కానీ తెర తెరిస్తే ఖాళీ. ఒక్క ఓడ కూడా కనిపించలేదు. చంపేశారు."

"ఖాళీగా ఎందుకుంది మేడమ్?"

"తెరకు సమాచారం పంపాల్సిన ఏపీఐ ఢిల్లీ బ్యాకెండ్ టీమ్ ఇంకా ఇవ్వలేదు."

"ఇవాళ అడిగారా?"

"వచ్చే వారం అన్నారు. పోయిన వారమూ అదే అన్నారు."

కేదార్‌కి ఒళ్లు మండింది. సాయికిరణ్ అతని బ్యాచ్‌మేట్. తుపాకీకి ఎదురెళ్లి బతికొచ్చినవాడు, ఎవరో మెయిల్‌కి జవాబివ్వకపోవడంవల్ల చచ్చిపోయాడు.

ఛాయాదేవి గొంతు తగ్గించింది. "ముఠా నాయకుడి కోడ్ పేరు డెంటిస్ట్. ఈ ఊళ్లోనే ఎక్కడో దాక్కున్నాడు, సాయంత్రం ఫ్లయిట్ ఎక్కేస్తాడు. వాడు మన లింక్ ఒక్కసారి తెరిస్తే చాలు, అడ్రస్ దొరుకుతుంది. కానీ వాడి బ్రోకర్ చలపతిరావు చూసి ఓకే అంటేగాని తెరవడు. సాయికిరణ్ మోసగాడనీ, అసలు పోర్టల్ తన దగ్గరుందనీ హైందవి వాళ్లను నమ్మించింది. మధ్యాహ్నం రెండింటికి ఇరానీ కేఫ్‌లో డెమో. తెర మళ్లీ ఖాళీగా ఉంటే హైందవి ఆ కుర్చీలోంచి లేవదు."

హైందవి! ముఠావాళ్లు తమ మనిషనుకుంటున్న డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు కూడా చెయ్యెత్తడం మర్చిపోతాడని డిపార్ట్‌మెంట్‌లో అనుకుంటారు.

కేదార్ ఉద్యోగం వెతుక్కునే కుర్రాడి వేషం వేశాడు. మాసిన చొక్కా, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు. సందుకో కోచింగ్ సెంటరున్న అమీర్‌పేటలో ఇంతకన్నా కనిపించని మనిషి ఉండడు. మెట్రో కోసం తవ్విపారేసిన రోడ్డు దాటుకుంటూ, పోర్టల్ మనిషిని కలవమని ఛాయాదేవి చెప్పిన సందు మొదట్లో నిలబడి, కోడ్ మాట చెప్పాడు.

"డెమో క్లాస్ ఎప్పుడు?"

"రేపు పొద్దున, ఫ్రీ," అన్నాడు పక్కనున్న మనిషి. కోడ్‌కి సరైన జవాబే! తర్వాత పాంప్లెట్ చేతిలో పెట్టాడు. వెనకనుంచి ఇంకొకడు అదే జవాబు చెప్పి ఇంకో పాంప్లెట్ ఇచ్చాడు. ఆ కోడ్ ఎంచుకున్న ఢిల్లీ అధికారి జన్మలో అమీర్‌పేట చూసి ఉండడు. చేతినిండా పాంప్లెట్లు చేరాక ఓ మేడమీంచి ఆడగొంతు వినిపించింది.

"ఓ అన్నా! ఇంక సాల్లే, పైకి రా!"

ఆమే దివ్యశ్రీ, పోర్టల్ ఫ్రంటెండ్, అంటే ఆ తెర, చేసిన మనిషి.

"స్క్రీన్ మస్తుగ చేసిన అన్నా. డేటా ఇయ్యమంటే ఒక్కడు ఇస్తలేడు. నేనేం జెయ్యాలె, చేపలు పట్టుకొచ్చి తెరమీద ఎయ్యాల్నా?"

"దొంగ సర్వర్ పెడదాం," అన్నాడు కేదార్.

"మాక్ ఏపీఐ అను. తెర ఏది అడిగినా, మనం ముందే రాసిపెట్టిన జవాబు చెప్తది."

ఓడల పేర్లు, వేగాలు, దిక్కులు కూర్చుని కల్పించారు. మొదటి జాబితాలో ఓడలన్నిటికీ టెస్ట్ వన్, టెస్ట్ టూ అని పేర్లు చూసి కేదార్ తల పట్టుకున్నాడు. మళ్లీ రాశారు. కామా ఒకటి ఎక్కువై మొత్తం కూలిపోయింది. ఆ కామా దొరికేసరికి కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి బయల్దేరాల్సిన టైమ్ దాటిపోయింది. సర్వర్ కేదార్ లాప్‌టాప్‌లోనే నడుస్తుంది, లింక్ ఉన్న ఎవరికైనా జవాబిస్తుంది.

కేఫ్‌లో హైందవి ఎదురుగా చలపతిరావు చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. పక్క బల్ల దగ్గర కేదార్ లాప్‌టాప్ తెరిచి, రెజ్యూమె దిద్దుకుంటున్నట్టు కూర్చున్నాడు. చెవిలో బ్లూటూత్, అందులో దివ్యశ్రీ.

హైందవి తెచ్చిన లాప్‌టాప్‌లో చలపతిరావు మీట నొక్కాడు. ఓడలన్నీ టక్కున వచ్చాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కున వచ్చాయి. అతను బిస్కెట్ పక్కన పెట్టాడు.

"ఇది గవర్నమెంటు సర్వరేనా అమ్మాయ్?"

"అవునండి."

"ముప్పై ఏళ్లు గవర్నమెంటు కాంట్రాక్టులు చేశాను. టెండర్ పేజీ నొక్కి, భోజనం చేసొచ్చి చూసినా తెరుచుకునేది కాదు. ఇదేంటి, నొక్కీ నొక్కకముందే వచ్చేస్తోంది?"

అతని చెయ్యి మెల్లిగా ఒళ్లో ఉన్న సంచిలోకి వెళ్లింది. గుడ్డ కింద తుపాకీ గొట్టం ఆనవాలు కేదార్‌కి కనిపించింది.

హైందవి నవ్వింది. "లంచ్ టైమండీ. సీట్లో ఒక్కరూ ఉండరు, సర్వర్ ఖాళీ. వాళ్లొచ్చాక చూడండి."

"సరే. వచ్చాకే చూద్దాం." చలపతిరావు ఇంకో చాయ్ చెప్పాడు. చెయ్యి మాత్రం సంచిలోంచి తియ్యలేదు.

కేదార్ ఫోన్ వచ్చినట్టు చెవి పట్టుకున్నాడు. "సార్, నన్ను ఇంకా వెయిట్ చెయ్యమంటున్నారా? స్లోగా అయితేనే సెలెక్ట్ చేస్తారా?"

దివ్యశ్రీకి అర్థమైంది. "డిలే పెట్టాల్నా? జర ఆగు. పై నుంచి మూడో లైన్ల రాయి. ఫికర్ చెయ్యకు."

కేదార్ రాశాడు. పొద్దుటినుంచి ఢిల్లీ మీద పేరుకున్న కసంతా ఆ లైన్లో పెట్టాడు. ప్రతి జవాబూ ఆలస్యంగా రావాలి. సగంసార్లు అసలు రాకనే పోవాలి. సేవ్ నొక్కాడు.

చలపతిరావు మళ్లీ నొక్కాడు. తెరమీద చక్రం తిరిగింది. చాయ్ అయిపోయింది. చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి ఓ ఎర్ర గీత వచ్చింది: సర్వర్ బిజీ. కాసేపాగి ప్రయత్నించండి.

అతని మొహం విప్పారింది. సంచిలోంచి చెయ్యి బయటికొచ్చింది, ఫోన్‌తో. "అసలుదే! సందేహం లేదు," అంటూ డెంటిస్ట్‌కి లింక్ పంపాడు.

యూసుఫ్‌గూడలో ఓ అద్దె గది అడ్రస్ కేదార్ తెరమీద మెరిసింది. ఛాయాదేవి మనుషులు బయల్దేరారు. కానీ పంజాగుట్ట జంక్షన్‌లో జీపు ఇరుక్కుపోయింది. యూసుఫ్‌గూడలో డెంటిస్ట్ కోసం ఎయిర్‌పోర్టు టాక్సీ అప్పటికే హారన్ కొడుతోంది. జీపు దిగి పరుగెత్తి తలుపు బద్దలుకొట్టేసరికి డెంటిస్ట్ భుజాన బ్యాగు వేసుకుని, తిట్టుకుంటూ, ఇంకా మీట నొక్కుతూనే ఉన్నాడు. ఓడలొక్కటీ రాలేదు, బేడీలు వచ్చాయి.

కేఫ్‌లో హైందవి చలపతిరావు సంచిలోని తుపాకీనే లాక్కుని, అతనికే గురిపెట్టి కుర్చీలోంచి లేపింది. కేదార్ బిల్లు కట్టి, సాయికిరణ్‌ని తలుచుకుంటూ ఖాళీ కుర్చీ వంక కాసేపు చూశాడు.

సాయంత్రం ఢిల్లీనుంచి మెయిల్ వచ్చింది: అసలు ఏపీఐ సిద్ధం, లింక్ ఇదిగో. కేదార్ దివ్యశ్రీ గదిలోనే ఆ లింక్ నొక్కాడు. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. చివరికి ఎర్ర గీత వచ్చింది.

"ఆ డిలే ఇంక తీసెయ్యమ్మా, పనైపోయిందిగా," అన్నాడు విసుగ్గా.

దివ్యశ్రీ తెరవైపు వంగి చూసింది.

"మన డిలే కాదన్నా. గిది ఒరిజినల్."