మంగళవారం ఇసుక

"చచ్చిపోయినవాడు నా చెవిలో మాట్లాడుతున్నాడు ఆంటీ," అంది ఆ అమ్మాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

సెకోండి రేవుపట్నం పాత ఊళ్ళో, దర్జీ దుకాణం మీద ఉన్న ఆ గదికి భయపడి వచ్చేవాళ్ళు కొత్త కాదు. యాబా హైజెల్ చాలా ఏళ్ళు రేవులో కస్టమ్స్ సోదాలు చేసి, ఆ ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టింది. ఆమెకు ఎడమ చెవి సరిగా వినపడదు. అందుకే వచ్చినవాళ్ళను కుడివైపు కూర్చోబెట్టుకుంటుంది. ఆమె సహాయకుడు ఎబో నునూ ఒకప్పుడు ఫుట్‌బాల్ రెఫరీ. మైదానంలో ఎవడు ఎవడి కాలు తొక్కాడో చూడగలిగినవాడే గానీ, ముఖం చూసి అబద్ధం పట్టే యాబా ముందు తన చూపు ఏపాటిదీ కాదని అతని నమ్మకం.

"ఇటు రా అమ్మా, ఈ చెవికి చెప్పు," అంది యాబా. "ఆ చెవికి బతికున్నవాళ్ళ మాటే ఎక్కదు."

అమ్మాయి పేరు అరబా ఎసిల్ఫీ. కింద దుకాణంలో కుట్టే దర్జీ ఆవిడకు మేనకోడలు. కొండమీది వార్తా కళాశాలలో మొదటి సంవత్సరం. కళాశాల రేడియోలో మధ్యాహ్నం వార్తలు చదవడం ఈమధ్యే మొదలుపెట్టింది.

"వార్తలు చదువుతుంటే హెడ్‌ఫోన్లలో ఎకో గొంతు వస్తోంది. ఎకో బెంటిల్ అని మా సీనియర్. పోయినేడు ఎబుకు తీరంలో ఇసుక కింద పడి పోయాడు. నేనతన్ని చూడను కూడా లేదు, పాత వార్తల్లో గొంతు విన్నానంతే. ఇసుక దొంగల మీద వార్త కోసం ఒక్కడే వెళ్ళాడట. తవ్విన గట్టు విరిగి మీద పడింది."

"ఏమంటాడు?"

"మంగళవారం. ఇసుక. వద్దు. అంతే. రేడియో వినేవాళ్ళకి వినపడదు. నాకొక్కదానికే. అడిగితే నవ్వుతున్నారు. పిచ్చెక్కిందంటున్నారు."

"మూడు మాటలూ ఒకే తీరుగా అంటాడా?"

అరబా కాస్త ఆలోచించింది. "లేదాంటీ. మంగళవారం అన్నది వాతావరణం చదివినట్టు ఉంటుంది. ఇసుక గట్టిగా, ముఖ్యాంశాల్లోలా. వద్దు మాత్రం నవ్వుతూ అన్నట్టు. ఆ నవ్వే నన్ను చంపేస్తోంది."

ఎబో వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు. యాబా మాత్రం అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, "మంగళవారం నీకేదైనా పనుందా?" అని అడిగింది.

ఉంది. టాండో మాస్టారు మొదటి సంవత్సరం వాళ్ళకు ఒక అభ్యాసం ఇచ్చాడు. పాత వార్తల్లో ఒకటి తీసుకుని, అదే చోటికి వెళ్ళి, అదే మనుషుల్ని అడిగి, రాసిందంతా నిజమో కాదో తేల్చాలి. అరబాకు వచ్చింది క్వామెనా ఓటూ చేసిన ఇసుక వార్త. దేశంలోని విద్యార్థి విలేకరులందరిలో మొదటి బహుమతి పొందింది అది. క్వామెనా ఎకోకు ప్రాణస్నేహితుడు, ఇద్దరిదీ ఒకే గది. ఎకో పోయాక అతని జ్ఞాపకంగా ఆ తీరానికే వెళ్ళి ఆ వార్త చేశాడు. ఇప్పుడు రేడియోలో వార్తల ఎడిటర్ అతనే.

"నేనే తీసుకెళ్తా, మంగళవారం వెళ్దాం, జనం ఉండరు అన్నాడు," అంది అరబా.

"వెళ్తానన్నావా?"

"ఎడిటర్ కదాంటీ. ఊఁ అన్నాను."

*

మర్నాడు, శుక్రవారం, యాబా, ఎబో కళాశాలకు వెళ్ళారు. స్టూడియో కిటికీలోంచి సముద్రం కనపడుతుంది. ఎకో ఫోటో గోడమీద ఉంది, దానికింద ఎవరో పెట్టిన పువ్వులు ఎండిపోయి ఉన్నాయి. వార్తలు చదివేవాళ్ళు ఒక గదిలో, యంత్రాల దగ్గర ఆపరేటర్ పక్కగదిలో, మధ్యన గాజు అద్దం. ఆపరేటర్ మీట నొక్కి మాట్లాడితే అది చదివేవాళ్ళ హెడ్‌ఫోన్లలోనే వినపడుతుంది.

ఆపరేటర్ మూడో సంవత్సరం అమ్మాయి, ఎసి ఆర్హిన్. మనిషి సన్నగా, కళ్ళకింద నల్లగా ఉంది.

"ఈ గదిలోకి ఎవరెవరొస్తారమ్మా?" అని అడిగింది యాబా.

"అందరూ వస్తారు. క్వామెనా నా వెనకే నిలబడతాడు. మాస్టారు వస్తూ పోతూ ఉంటారు."

"ఎకో గొంతు నువ్వెప్పుడైనా విన్నావా?"

"చచ్చినవాళ్ళు నాతో మాట్లాడరు మేడమ్." తర్వాత మెల్లిగా అడిగింది: "ఆ పిల్ల మంగళవారం వెళ్తోందా?"

"వెళ్తుందని నీకెవరు చెప్పారు?"

"క్వామెనా. ఆ రోజుకి రికార్డర్ తీసిపెట్టమన్నాడు."

క్వామెనా ఇస్త్రీ చొక్కా వేసుకున్న అందగాడు. కుర్చీలు తనే తెచ్చి వేశాడు. "ఆంటీ, చిన్నపిల్ల, కొత్త. మైకు ముందు కూర్చుంటే నాకూ మొదట్లో ఏవేవో వినపడేవి," అన్నాడు నవ్వుతూ.

"ఎకో పోయిన రోజు నువ్వెక్కడున్నావు బాబూ?"

నవ్వు కొంచెం తగ్గింది. "జ్వరంతో హాస్టల్లో పడుకున్నా. ఒక్కడే వెళ్ళాడు. నేనుంటేనా..."

"నీ వార్త ఎప్పుడు రికార్డు చేశావు?"

"ఆ శనివారం. వాడు పోయింది మంగళవారం. వాడి పని సగంలో ఉండకూడదని."

టాండో మాస్టారు గర్వంగా ఆ వార్త వినిపించాడు. ఈ ఏడు కొత్త పిల్లలకు మొదటి పాఠం అదే. ముందు సముద్రం. చాలాసేపు సముద్రం ఒక్కటే. తర్వాత, దగ్గరగా, సన్నటి సవ్వడి. అది పెరిగి పెరిగి, ఏదో పెద్ద జంతువు నిట్టూర్చి పక్కకు ఒరిగినట్టు బరువుగా ఆగిపోయింది. ఆ పైన క్వామెనా గొంతు: "తీరం ఇలా పోతోంది."

"చూశారా?" అన్నాడు మాస్టారు. "ఒక్క మాట లేకుండా వార్త చెప్పేశాడు. గట్టు జారే చప్పుడు ఇంత దగ్గరగా ఎవరు తేగలరు?"

అద్దం అవతల ఎసి తల వంచుకుని రెండు చెవులూ మూసుకుని ఉంది. యాబా కుడిచెవి స్పీకరు వైపు పెట్టి, కళ్ళు మూసుకుని, ఇంకోసారి వేయమంది. ఆ తర్వాత అడిగింది: "ఎకో రికార్డర్ దొరికిందా?"

"లేదు. సముద్రం తీసుకుపోయింది," అన్నాడు క్వామెనా.

*

శనివారం ఎబుకు తీరంలో చెవులు చిల్లులు పడుతున్నాయి. పడవల మోటార్లు, బేరాలాడే ఆడవాళ్ళు, వల లాగుతూ పాడే మగవాళ్ళు. ఆ పాటకు ఎబో కాళ్ళు ఆగలేదు. "ఏయ్ రెఫరీ! ఈల వేస్తావా, వల లాగుతావా?" అని ఎవరో గుర్తుపట్టి అరిస్తే, సిగ్గుపడి తనూ తాడు పట్టుకున్నాడు.

యాబా చేపలు పొగబెట్టే ఒక పెద్దావిడ పక్కన కూలబడింది. "అక్కా, ఈ గోల ఎప్పుడైనా ఆగుతుందా?"

"మంగళవారం. ఆ రోజు సముద్రం తల్లి పడుకుంటుంది. పడవ కదిలిస్తే ఊరుకోదు. తీరాన పురుగు కూడా ఉండదు."

"ఆ కుర్రాడు చనిపోయిన వారంలో? పాపం, అప్పుడైనా ఆగలేదా?"

"ఎక్కడాగుతాం? అప్పుడు వలల్లో కవళ్ళ చేపలు పడుతున్నాయి. వాడికోసం ఏడుస్తూనే లాగాం." ఆవిడ చెయ్యి చూపించింది. "గట్టు అదిగో, అక్కడుండేది. నిలువెత్తుండేది. బుధవారం వాణ్ణి బయటికి తీశాక, ఇంకే తల్లి బిడ్డా దానికింద పడకూడదని అందరం పారలు పట్టుకుని ఆ రోజే చదును చేసేశాం."

అక్కడ ఇప్పుడు చదునైన ఇసుక మాత్రమే ఉంది. ఎబో దాన్ని తొక్కలేదు. చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఏమైనా తేలిందా మేడమ్?"

"చెవిలో మాట్లాడింది ఎవరో నిన్ననే తెలిసింది. ఇసుక కింద ఏముందో ఇప్పుడు తెలిసింది," అంది యాబా. 

*

సోమవారం మధ్యాహ్నం, వార్తలయ్యాక, అందర్నీ స్టూడియోలో కూర్చోమంది. టాండో మాస్టారు, క్వామెనా, ఎసి, అరబా. తలుపు దగ్గర ఎబో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముందు దెయ్యం సంగతి," అంది యాబా. "మూడు మాటలు, మూడు రకాల గొంతులు. మనిషి ఒక్క ఊపిరిలో అలా మాట్లాడడు. పాత వార్తల్లోంచి ఒక్కో మాట కోసి అతికించారు. హెడ్‌ఫోన్లలోకి మాత్రమే పంపాలంటే ఆ మీట ముందు కూర్చోవాలి. ఎసీ, ఎందుకమ్మా?"

అరబా లేచింది. "నువ్వా అక్కా? నాకు నిద్ర లేకుండా చేసింది నువ్వా? అన్నం సయించక, మా అమ్మకి చెప్పుకోలేక..."

ఎసి తలెత్తలేదు. "పోయినేడే చెప్పాను, ఎకో ఒక్కడే వెళ్ళేవాడు కాదని. చీకటికి కూడా భయం వాడికి. ఎవరు విన్నారు? క్వామెనా నన్ను వద్దన్నాడని కక్షగట్టానన్నారు. బతికున్నదాని మాట వినలేదు, చచ్చినవాడి మాటైనా వింటారనుకున్నా. నిన్ను అతనితో మంగళవారం ఆ తీరానికి వెళ్ళనివ్వకూడదు, అంతే. తప్పే అరబా. నన్ను కొట్టు."

"కక్షే ఇది!" అన్నాడు క్వామెనా. "చూశారా సార్? దీనికి అప్పట్నుంచీ నేనంటే..."

"ఆగు బాబూ. నీ వార్త ఇంకోసారి విందాం."

సముద్రం. సన్నటి సవ్వడి. నిట్టూర్పు. నిశ్శబ్దం. 

"శనివారమే కదా నువ్వు రికార్డు చేసింది? తీరంలో ఎవరున్నారు?"

"జాలర్లు. ఆడవాళ్ళు. అందరూ."

"ఎబో, మొన్న శనివారం నువ్వేం చేశావక్కడ?"

"వల లాగాను మేడమ్. పాడాను కూడా. గొంతు ఇంకా పోయే ఉంది."

"ఈ వార్తలో పాటేదీ? మోటారు ఏదీ? కవళ్ళు పడే రోజుల్లో, శనివారం, అంత తీరంలో ఒక్క మనిషి దగ్గు కూడా లేదే? ఆ తీరం అంత నిశ్శబ్దంగా ఉండేది మంగళవారమొక్కటే."

"నేను దూరంగా... ఒక మూల..."

"సరే, మూలే అనుకుందాం. గట్టు జారిన చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ గట్టును బుధవారమే పారలతో చదును చేశారు. శనివారానికి జారడానికి గట్టే లేదు."

టాండో మాస్టారు ముఖం తెల్లబోయింది. పాఠమని పిల్లల్ని కళ్ళు మూసుకుని వినమన్నది ఏమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. చెయ్యి చాచి యంత్రం ఆపబోయాడు. చెయ్యి అందలేదు.

"ఆ చప్పుడు ఎకో మీద ఇసుక పడిన చప్పుడు," అంది యాబా. "రికార్డర్ సముద్రంలో పోలేదు. పక్కనున్నవాడి చేతిలో ఉంది. నీ చేతిలో."

 ఈసారి క్వామెనా గొంతు పసిపిల్లాడి గొంతులా ఉంది.

"నేను తొయ్యలేదు. దేవుడి మీద ఒట్టు, తొయ్యలేదు. వాడు గట్టుకింద నిలబడి, చప్పుడు బాగా రావాలి, నువ్వు పట్టుకో అని రికార్డర్ నాకిచ్చాడు. పడింది. ఛాతీదాకా. చేతులు కూడా లోపలే. నవ్వాడు మొదట. లాగరా అన్నాడు. నాకు రాలేదు. జనాన్ని పిలుచుకొస్తానని పరిగెత్తా. రోడ్డెక్కాను. ట్రోట్రో వ్యాను ఆగింది. రికార్డర్ ఇంకా తిరుగుతోంది. ఇలాంటిది ఇంకెవరి దగ్గరా ఉండదనిపించింది. ఒక్క క్షణమే. ఎక్కి కూర్చున్నా. తర్వాత దిగడానికి... దిగితే ఎందుకెక్కావని అడుగుతారు కదా."

"వాడు బతికే ఉన్నాడా నువ్వు వెళ్ళేప్పుడు?" ఎసి అడిగింది.

"పిలుస్తూనే ఉన్నాడు. మిగతా గట్టు నేను వెళ్ళాకే పడి ఉంటుంది."

"మరి రేపు అరబాని అక్కడికెందుకు తీసుకెళ్తానన్నావు?" యాబా గొంతు పెంచలేదు.

"ఆ ముసలమ్మలతో మాట్లాడనివ్వకూడదని. ఆ తర్వాత ఏం చేసేవాణ్ణో..." అతను తన చేతులకేసి చూసుకున్నాడు. "నాకు తెలీదాంటీ. నిజంగా తెలీదు."

ఎబో తలుపుకు అడ్డం జరిగాడు గానీ అవసరం లేకపోయింది. క్వామెనా లేవలేదు. పోలీసులు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. అసలు రికార్డింగు ఇంకా తన పెట్టెలోనే ఉందని, చెరపడానికి చాలాసార్లు కూర్చున్నాననీ, ప్రతిసారీ చివరిదాకా వినేవాణ్ణనీ వాళ్ళకు తనే చెప్పాడు.

వాళ్ళు వెళ్ళాక టాండో మాస్టారు అరబా వైపు తిరిగాడు. ఆయన ఒక్క పూటలో ముసలివాడైపోయాడు. "అభ్యాసం నీది. వార్త నువ్వే రాయాలి. రేపు మధ్యాహ్నం నువ్వే చదవాలి. కానీ ముందు ఎకో వాళ్ళింటికి వెళ్ళు. ఏ తల్లీ ఇలాంటిది రేడియోలో విని తెలుసుకోకూడదు."

"నేనా సార్? నేనెలా చెప్పగలను?"

"ఎలా చెప్పాలో నాకూ తెలీదమ్మా. వెళ్ళు."

ఎకో తల్లి ఇల్లు సంతవీధి చివర. ఆమె వాకిట్లో కూర్చుని, పులిసిన మొక్కజొన్న పిండిని పొత్తుల ఆకుల్లో చుట్టి కెంకే ఉండలు కడుతోంది. యాబా కాస్త వెనక ఆగింది. అరబా ముందుకు వెళ్ళి, నేలమీద కూర్చుని, మొదటినుంచీ చెప్పింది. ఏదీ పెంచలేదు, ఎకో చివరి ఘడియలు తప్ప ఏదీ దాచలేదు. 

ఆమె చేతులు ఆగలేదు. ఒక ఉండ చుట్టి, ఇంకోటి చుట్టి, అప్పుడు అడిగింది.

"వాడు ఎవర్నైనా పిలిచాడా అమ్మా?"

అరబా వెనక్కి తిరిగి యాబాను చూసింది. 

"పిలిచాడమ్మా. స్నేహితుణ్ణి పిలిచాడు. జనాన్ని తీసుకొస్తానని అతను పరిగెత్తడం చూశాడు."

"చూశాడా?"

"చూశాడు."

తల్లి చేతిలోని ఆకు కింద పెట్టేసింది. "అయితే చివరిదాకా, స్నేహితుడొస్తాడనే అనుకుని ఉంటాడు నా కొడుకు," అంది. ఆ మాట అన్నాకే, ఈ ఏడాదిలో మొదటిసారి, గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.