లాంబ్రెట్టా వెనక ఓదెలు పేరు

"నీళ్ళు పోస్తే పోశావు గానీ, ట్యాంకులోకి ఒక్క చుక్క వెళ్ళిందంటే స్కూటర్ మొరాయిస్తుంది. జాగ్రత్త!" గడ్డం గీసుకుంటూ లోపలి నుంచి కేకేశాడు నాన్న.

"వెళ్ళదులే నాన్నా!" అని నీహారిక బకెట్లో మగ్గు ముంచింది.

ఆదివారం, ఉదయం ఎనిమిదైంది. కొండాపూర్‌లో నీహారిక వాళ్ళ వాకిట్లో లాంబ్రెట్టా తలంటు పోసుకుంటోంది. నీహారికకి పదేళ్ళు. స్కూటర్‌కి ముప్ఫై రెండు. లేత ఆకుపచ్చ రంగు, పొడుగాటి ఒళ్ళు, గుండ్రటి లైటు. అది వీధి మలుపులో ఉండగానే చప్పుడు విని అమ్మ ప్రవీణ స్టవ్ మీద టీ పెట్టేస్తుంది.

నాన్న పేరు భీమేశ్వరరావు. కరెంటాఫీసులో ఉద్యోగం. తోటివాళ్ళందరూ కొత్త మోటార్ సైకిళ్ళు కొంటుంటే, ఈయన కాకినాడలో ఎవరిదో షెడ్డులో బూజుపట్టి ఉన్న ఈ స్కూటర్ని కొని లారీలో వేయించుకొచ్చాడు. "స్కూటర్ కొన్నారా, పాత ఇనప సామాను కొన్నారా?" అని అమ్మ మూడు రోజులు సాధించింది.

ఆ ఇనప సామానుకి ప్రాణం పోసినవాడు ఓదెలు. కొండాపూర్ చౌరస్తాలో రేకుల షెడ్డు అతనిది. నాలుగు నెలలు కుస్తీ పట్టి దాన్ని నడిపించాడు. ఏ పార్టు దొరక్కపోయినా "ఫికర్ జెయ్యకున్రి సార్" అనేవాడు. ఎక్కడెక్కడో తిరిగి వెతుక్కొచ్చేవాడు.

ఇవాళ పాత స్కూటర్ల ఊరేగింపు. కొండాపూర్‌లో బయల్దేరి లింగంపల్లి స్టేషన్ దాకా వెళ్ళి, మళ్ళీ కొండాపూర్ మీదుగా హైటెక్ సిటీ చేరాలి. అక్కడ కొత్తగా కట్టిన గుండ్రటి బిల్డింగు ముందు పదకొండు గంటలకి అందరికీ కలిపి ఫోటో తీస్తారు. పేపర్‌వాళ్ళు కూడా వస్తారట. ఆ ఫోటోలో వేసుకోవడానికి నీహారిక పసుపు గౌను వారం కిందటే ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

ఈ స్కూటర్ల సంఘంలో ఒక పద్ధతుంది. ప్రతి స్కూటర్ వెనకా ఒక అట్ట కడతారు. దాని మీద ఉండేది బండి యజమాని పేరు కాదు, మెకానిక్ పేరు! సంఘం పెద్ద పట్టాభిరామయ్య గారు పెట్టిన పద్ధతి అది. "నడిపేవాడిదేముంది, నడిచేలా చేసినవాడిది కదా గొప్ప" అంటారాయన. ఎక్కడా ఆగకుండా వచ్చిన స్కూటర్లలో ఒకదాన్ని ఎంచి, దాని మెకానిక్‌కి ఏడాదంతా సంఘం స్కూటర్ల పని అప్పగిస్తారు. పద్నాలుగు స్కూటర్లు! ఆ పని దొరికితే షెడ్డుకి గోడలు కట్టుకోవచ్చని ఓదెలు ఆశ.

మన లాంబ్రెట్టా వెనక అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో "ఓదెలు, కొండాపూర్ చౌరస్తా" అని రాసింది నీహారికే. చుట్టూ పువ్వులు కూడా వేసింది.

సరే, స్నానం సంగతికొద్దాం. నీహారిక సీటు ఎత్తింది. కింద పెట్రోల్ ట్యాంకు మూత ఉంది. తుడుస్తుంటే ఆ మూతకి సన్నటి చిల్లు కనిపించింది, సూది దూరేంత.

"అయ్య బాబోయ్! ఇందులోంచి నీళ్ళు లోపలికి పోవూ!" అనుకుంది.

నాన్నని అడగొచ్చు. కానీ అడిగితే, "నువ్వు లే, నేను కడుగుతా" అంటాడేమో! నీహారిక వంటింట్లోకి పరిగెత్తింది. అమ్మ చపాతీలకి కలిపిన పిండిలోంచి శనగగింజంత గిల్లుకొచ్చింది. చిల్లులో గట్టిగా కూరి, వేలితో నున్నగా రాసేసింది. ఎంత తెలివైన పనో అని తనని తానే మెచ్చుకుంది కూడా.

తర్వాత బకెట్ల మీద బకెట్లు పోసింది. తుడిచింది. మెరిపించింది. పిండి సంగతి శుభ్రంగా మరిచిపోయింది.

* * *

ఊరేగింపు మొదలైంది. పద్నాలుగు స్కూటర్లూ ఒకేసారి స్టార్ట్ అయ్యేసరికి చెవులు చిల్లులు పడ్డాయి. అన్నిటికంటే ముందు పట్టాభిరామయ్య గారు. తెల్ల మీసాలు, నల్ల కళ్ళజోడు, తెల్ల స్కూటర్. నీహారిక నాన్న వెనక కూర్చుని, కనిపించిన వాళ్ళందరికీ చెయ్యూపింది. వెనకాలే మోపెడ్ మీద ఓదెలు, అతని కూతురు స్రవంతి వస్తున్నారు. స్రవంతికీ పదేళ్ళే. నాన్న పేరు రాసిన అట్ట వంకే చూస్తూ మురిసిపోతోంది.

"మీ అయ్య పేరు ఎంత పెద్దగా రాశానో చూశావా?" అని అరిచింది నీహారిక.

"పువ్వులు గుడ మంచిగున్నయ్!" అని అరిచింది స్రవంతి.

లింగంపల్లి స్టేషన్ ఇంకా కాస్త దూరంలో ఉండగానే లాంబ్రెట్టా దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఓదెలు మోపెడ్ దిగి పరిగెత్తుకొచ్చాడు. సీటెత్తి మూత తిప్పి చూశాడు. పెట్రోల్ నిండుగా ఉంది. మూత పెట్టి కిక్ కొట్టాడు. డుగుడుగుమని స్టార్ట్ అయింది.

"ఏం గాలే సార్. పోన్రి, పోన్రి!" అన్నాడు. కానీ అతని నుదుటి మీద చెమట పట్టింది.

ఒకసారి ఆగింది కాబట్టి ఇక ఎంపికలో లాంబ్రెట్టా లేనట్టే. అయినా నాన్న ఓదార్చాడు. "పోనీలే ఓదెలూ. ఇక ఆగకుండా వెళ్తే చాలు, నీ పని ఎలాంటిదో అందరూ చూస్తారు."

స్టేషన్ దగ్గర తిరిగి వెనక్కి బయల్దేరారు. కొండాపూర్ చౌరస్తా వచ్చింది. రోడ్డు పక్కన జనం నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఓదెలు షెడ్డు కూడా అక్కడే కదా, చుట్టుపక్కల దుకాణాల వాళ్ళు "ఓదెలన్నా!" అని ఈలలు వేశారు.

సరిగ్గా ఆ షెడ్డు ముందే లాంబ్రెట్టా మళ్ళీ దగ్గి ఆగిపోయింది.

ఈలలు ఆగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

జనంలోంచి సోమేశ్వరరావు గారు ముందుకొచ్చారు. ఆయన ఇల్లు ఆ వెనక సందులోనే. ఆయన పాత స్కూటర్ ఆర్నెల్లుగా మూలన పడి ఉంది. రేపు దాన్ని ఓదెలు దగ్గరికి తెస్తానని మాటిచ్చారు.

"ఏంటయ్యా ఓదెలూ, నీ షెడ్డు ముందే ఆగిపోయింది? ఇదేనా నువ్వు చేసిన రిపేరు?" అన్నారాయన. "మంచిదే అయింది, ముందే తెలిసింది. నా బండి నీకివ్వను బాబూ!"

"జర ఆగున్రి సార్, సూస్త..." అన్నాడు ఓదెలు.

ఆయన ఆగలేదు. విసవిసా సందులోకి వెళ్ళిపోయారు.

ఇంతలో పట్టాభిరామయ్య గారు ఊరేగింపుని ముందుకు పంపించి, తాను వెనక్కి తిరిగొచ్చారు. "ఏమైంది భీమేశ్వరరావూ? ఇది రెండోసారి కదూ?" అన్నారు.

ఓదెలు ప్లగ్గు విప్పాడు. తుడిచాడు. బిగించాడు. మళ్ళీ కిక్ కొట్టినా స్టార్ట్ కాలేదు. "సమజైత లేదు సార్. నిన్ననే అంత సాఫ్ జేసిన. ట్యాంకు మూతకు గాలి బొక్క ఉంటది, అది గుడ సూదితోని సాఫ్ జేసిన. గాలి ఆడకుంటే పెట్రోల్ కిందికి దిగది గద!"

గాలి బొక్క!

నీహారికకి చటుక్కున గుర్తొచ్చింది. పిండి! అది ఇంకా అక్కడే ఉంది!

చెప్పాలని నోరు తెరిచింది. అప్పుడే నాన్న పట్టాభిరామయ్య గారితో, "పొద్దున మా అమ్మాయే కడిగి తుడిచిందండీ, అద్దంలా మెరిపించింది" అన్నాడు. అందరూ నీహారిక వైపు చూసి నవ్వారు. ఆమె నోరు మూతపడిపోయింది. ఇంతమంది ముందు ఎలా చెప్పడం? ఓదెలు అంకుల్ ఎలాగూ కనిపెడతాడులే, అప్పుడెవరూ తనని అడగరులే అనుకుంది. చేతులు వెనక్కి పెట్టుకుని నేల చూపులు చూస్తూ నిలబడింది.

"సూదితో శుభ్రం చేశానన్నావు కాబట్టి అది కాదు. కార్బురేటర్ బిగించడం రాలేదేమో నీకు" అన్నారు పట్టాభిరామయ్య గారు. గట్టిగా అనలేదు, జాలిగానే అన్నారు. ఆ జాలికే ఓదెలు ఇంకా తల దించుకున్నాడు.

నీహారిక ఓరగా స్కూటర్ వెనక్కి చూసింది. అక్కడ స్రవంతి ఉంది. ఎవరూ చూడట్లేదనుకుని, ఆ పిల్ల మెల్లగా అట్టని వెనక్కి తిప్పేస్తోంది. నాన్న పేరు ఎవరికీ కనపడకుండా లోపలి వైపుకి తిప్పి, పురికొస సరిచేసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు నిండాయి.

నీహారికకి ఏడుపొచ్చేసింది. ఇక ఆగలేకపోయింది.

"ఓదెలు అంకుల్ తప్పు కాదు!" అని అరిచింది. "నేనే! చిల్లులో నేను చపాతీ పిండి పెట్టాను!"

అందరూ నోళ్ళు తెరిచారు.

"చపాతీ పిండా?" అన్నాడు నాన్న.

"నీళ్ళు పోకుండా... కడిగాక తీసేద్దామనుకున్నా... మర్చిపోయా. ఇప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా చెప్పలేదు." వెక్కుతూనే అంతా చెప్పేసింది, ఆఖరి ముక్కతో సహా.

ఓదెలు గబగబా సీటెత్తి మూత చూశాడు. పిండి ఎండి మూత రంగులో కలిసిపోయింది. స్రవంతి గౌనుకున్న పిన్నీసు తీసి పొడిస్తే పెళ్ళలా ఊడొచ్చింది. మూత పెట్టి కిక్ కొట్టాడు. లాంబ్రెట్టా ఒక్క కిక్కుకే లేచింది. ఈసారి దాని గొంతులో దగ్గు లేదు.

"వారినీ!" అని ఓదెలు పగలబడి నవ్వాడు. "నూనె డబ్బాకు ఒకటే బొక్క వెడితే నూనె వస్తదా బిడ్డా? గాలికి ఇంకో బొక్క గావాలె గద! ఇందాక మూత తీసినప్పుడు గాలి వొయ్యి స్టార్ట్ అయ్యింది, మళ్ళ బంద్ వడ్డది. అయ్యో, నేనెంత పరేషాన్ అయిన!"

నాన్న నవ్వలేదు. "అడిగితే నేను చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నాడు. ఆ మాట నీహారికకి దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

పట్టాభిరామయ్య గారు కళ్ళజోడు తీశారు. "ఓదెలూ, నోరుజారాను. ఏమనుకోకు. ఆగిన బండిని ఎంపికలోకి తీసుకోలేను, పద్ధతి పద్ధతే. కానీ నా స్కూటర్ మాత్రం రేపు పొద్దున్నే నీ షెడ్డులో ఉంటుంది" అన్నారు. స్రవంతి ఒక్క గెంతు గెంతి అట్టని మళ్ళీ బయటికి తిప్పింది.

"పదండి, పదండి! ఫోటోకి పది నిమిషాలే ఉంది" అని ఆయన బండెక్కి వెళ్ళిపోయారు. నాన్న కూడా ఎక్కి, "రా నీహారికా" అన్నాడు.

నీహారిక కదల్లేదు. సందు వైపు చూస్తోంది.

"నాన్నా, సోమేశ్వరరావు అంకుల్‌కి తెలీదు కదా."

"సాయంత్రం నేను ఫోన్ చేసి చెప్తాలే."

"సాయంత్రం లోపల ఆయన అందరికీ చెప్పేస్తారు, ఓదెలు అంకుల్‌కి పని రాదని."

"మరి ఫోటో? వారం నుంచీ దాని గురించే చెప్తున్నావు!"

నీహారిక గౌను వైపు ఒకసారి చూసుకుంది. "నువ్వెళ్ళు నాన్నా. నేను వెళ్ళి చెప్పొస్తా" అంది.

నాన్న స్కూటర్ ఆపేశాడు. ఓదెలు షెడ్డు ముందు స్టాండ్ వేసి, కూతురి వెంట నడిచాడు. గేటు దగ్గర ఆగి, "నేను మాట్లాడనా?" అన్నాడు.

"వద్దు. నేనే."

నీహారిక గేటు తీసి, మెట్లెక్కి బెల్లు నొక్కింది. సోమేశ్వరరావు గారు చేతిలో కాఫీ గ్లాసుతో తలుపు తీశారు.

"అంకుల్, స్కూటర్ ఆగింది నా వల్లండీ. ట్యాంకు మూత చిల్లులో నేను పిండి పెట్టి మర్చిపోయాను. ఓదెలు అంకుల్ రిపేరు బాగానే చేశారు. పిండి తీయగానే ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది."

సోమేశ్వరరావు గారు గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేశారు. "అయ్యయ్యో... అతన్ని నలుగురిలో అనేశానే!" అన్నారు. "ఇప్పుడే పక్కింటి సీతారామయ్య గారితో కూడా చెప్పాను. ఎదురింటి అనసూయమ్మ గారు కూడా విన్నారు..."

"పక్కిల్లంటే ఇటువైపా, అటువైపా అంకుల్?" అని అడిగింది నీహారిక, అప్పటికే మెట్లు దిగుతూ.